ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో: దూరం ఎంత, ప్రయాణం ఎన్ని గంటలు?

ఢిల్లీలోని ఇందిరా గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయానికి అతి దగ్గరి ఆకాశమార్గం దాదాపు 12,400 కిలోమీటర్లు. గంటకు 900 కి.మీ. చొప్పున లెక్కేస్తే 14 గంటల్లోపే చేరాలి. కానీ నాన్‌స్టాప్ విమానానికి 16 గంటల వరకు, ఒక్కోసారి అంతకు మించి పడుతుంది. బే ఏరియాలోని పిల్లల దగ్గరకు ఢిల్లీ మీదుగా వెళ్లే తెలుగు తల్లిదండ్రులకు ఈ తేడా ముందే తెలిస్తే మంచిది.

దగ్గరి దారిలో ఎందుకు వెళ్లరు?

భూమి గుండ్రంగా ఉండటంతో అతి దగ్గరి మార్గం ఢిల్లీ నుంచి దాదాపు ఉత్తరంగా సాగుతుంది. హిమాలయాలు, టిబెట్ పీఠభూమి, సైబీరియా, అలాస్కా దాటి శాన్‌ఫ్రాన్సిస్కో చేరుతుంది. అయితే క్యాబిన్‌లో గాలి పీడనం పడిపోతే విమానం వెంటనే 10 వేల అడుగులకు దిగాలి. టిబెట్‌లో నేలే అంతకన్నా ఎత్తు. అందుకే ఎయిర్‌లైన్లు వీలైనంత వరకు ఆ ప్రాంతాన్ని తప్పించుకుంటాయి.

గాలి లెక్క

ఎయిర్ ఇండియా ఈ నాన్‌స్టాప్ సర్వీసును 2015 డిసెంబర్‌లో ప్రారంభించింది. 2016 అక్టోబర్‌లో అట్లాంటిక్ వైపు నుంచి కాకుండా పసిఫిక్ మీదుగా నడిపింది. దూరం సుమారు 13,900 నుంచి 15,300 కి.మీ.కు పెరిగినా ప్రయాణం పద్నాలుగున్నర గంటల్లోనే ముగిసింది. ఎత్తులో పడమర నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్ గాలులు విమానాన్ని వెనక నుంచి నెట్టడమే కారణం.

మూతపడే గగనతలం

పహల్గాం దాడి తర్వాత 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ భారత విమానాలకు తన గగనతలాన్ని మూసివేసింది. 2019లోనూ కొన్ని నెలలు ఇలాగే జరిగింది. చుట్టు తిరిగితే ఇంధనం ఎక్కువ కావాలి, ఆ బరువుకు తగ్గట్టు ప్రయాణికులనో సరుకునో తగ్గించాలి. అలా 2025లో ఉత్తర అమెరికా విమానాలు కొన్ని ఇంధనం కోసం వియన్నా వంటి చోట్ల ఆగాల్సి వచ్చింది.

రష్యా మార్గానికీ దాని ఇబ్బందులున్నాయి. 2023 జూన్ 6న ఈ రూట్‌లోని విమానం ఇంజిన్ సమస్యతో మగదాన్‌లో దిగింది. 216 మంది ప్రయాణికులు మరో విమానం వచ్చేదాకా అక్కడే ఉండిపోయారు.

గడియారం లెక్క

శాన్‌ఫ్రాన్సిస్కో సమయం చలికాలంలో మనకంటే పదమూడున్నర గంటలు, వేసవిలో పన్నెండున్నర గంటలు వెనక. చలికాలంలో తెల్లవారుజామున 4 గంటలకు ఢిల్లీలో బయల్దేరితే, 16 గంటల తర్వాత అక్కడ దిగేసరికి అదే రోజు ఉదయం ఆరున్నర అవుతుంది.

కాబట్టి తర్వాతి విమానానికి టికెట్ తీసుకునేటప్పుడు కిలోమీటర్లను నమ్ముకోకూడదు. ఆ వారం విమానం వాస్తవంగా ఎన్ని గంటలు తీసుకుంటోందో, మధ్యలో ఎక్కడైనా ఆగుతోందో చూసుకోవాలి. రెండు విమానాలూ ఒకే బుకింగ్‌లో ఉంటే ఇంకా మేలు.