దినచర్య పుస్తకమున పండుగ పుట



గత ధనుర్మాసమున నొకనాడు మా మనుమరాలు సంక్రాంతికై తన దినచర్య పుస్తకము నలంకరించుచుండగా జూచితిని. ఆ పుస్తకమున గీతలు లేవు. పుటనిండ సమదూరమున సన్నని చుక్కలు మాత్రమే యున్నవి. ఆ చుక్కలను గలిపి ముగ్గు వేసి, రంగులు నింపి, యంచులయందు చెరకు గడలను, గాలిపటములను చిత్రించుచున్నది. "చేయవలసిన పనులు వ్రాసికొనుటకు గదా యీ పుస్తకము! ఇంత కాలము బొమ్మల పాలు చేయనేల?" అని మందలించితిని. బడిపిల్లల నోటుపుస్తకముల యంచులలోని బొమ్మలను చెరిపించుచు జీవితము గడపినవాడను, ఊరకుండలేకపోతిని. ఆ మందలింపు న్యాయమా కాదా యని పిమ్మట విచారింపగా, చరిత్ర నా పక్షమున లేదని తేలినది. ఆ విచారణమునే మీకు మనవి చేయుచున్నాను.

ఈ తీరు పుస్తకమునకు బులెట్ జర్నల్ అని పేరు. న్యూయార్కు నగరమున నుండిన రైడర్ కారల్ అను రూపశిల్పి యీ పద్ధతిని 2013లో లోకమునకు వెల్లడించెను. బాల్యమునుండి చిత్తము నొక్కచోట నిలుపుట తనకు కష్టమగుటచే, అతడు తనకొరకు కల్పించుకొన్న యుపాయమిది. పనికి చుక్క, జరుగనున్న సంగతికి సున్న, తలంపునకు చిన్న గీత. పని ముగిసినచో చుక్కపై నింటూ గుర్తు. మిగిలిన పనిని తరువాతి నెలకు మార్చి వ్రాసికొనవలయును. ఇందెచ్చటను నలంకారము విధింపబడలేదు. దానిని చేపట్టిన జనులే పండుగ పండుగకు బొమ్మలు చేర్చిరి. కావున నలంకారము పద్ధతివలన బుట్టినది కాదు. మనుష్య స్వభావమువలన బుట్టినది. ఆ స్వభావమెంత ప్రాచీనమో చూతము.

రోమునగరమున వాలెంటీనస్ అను ధనికునకు క్రీస్తుశకము 354వ సంవత్సరమునకై యొక పంచాంగ గ్రంథము సిద్ధమయ్యెను. దానిని తీర్చినవాడు ఫిలోకాలస్ అను లేఖకుడు. ప్రతి మాసమునకు నొక నిండుపుట చిత్రము కలదు. డిసెంబరు పుటలో దివిటీ బూనిన మనుష్యుడు పాచికలున్న బల్లచెంత నిలిచియున్నాడు. ఆ మాసము 17వ తేదీన నారంభమగు సాటర్నేలియా పండుగలో దాసులకు సైతము జూదమాడుట కనుమతి యుండెడిది; ఆ పాచికల కదియే కారణము. గ్రంథమును బొందినవాడు క్రైస్తవుడు. డిసెంబరు 25 క్రీస్తు జన్మదినమని తెలుపు తొలి వ్రాతయు నాగ్రంథమందే కలదు. ఇట్లు పాతపండుగయు కొత్తపండుగయు నొక్క పుస్తకమున నిలిచినవి.

ఆ మూలగ్రంథ మిపుడు లేదు. దానినిజూచి వ్రాసిన పాతప్రతి యొకటి 17వ శతాబ్దిలో ఫ్రెంచి పండితుడగు పెయిరెస్క్ చేతికి వచ్చెను. అతడు బొమ్మలకు నకళ్లు వ్రాయించెను. 1637లో నతడు మరణించిన పిమ్మట నాపాతప్రతియు గనబడకపోయెను. నేడు మనము జూచు డిసెంబరు పాచికలు నకలుకు నకలు. నకలు తీసినవాడు లేకున్న నవియు నుండెడివి కావు.

మరియొకటి. ఫ్రాన్సు దేశమున బెరీ ప్రభువగు జాన్ కొరకు లింబూర్గ్ సోదరులు మువ్వురు తోలుకాగితములపై నొక ప్రార్థనాగ్రంథమును చిత్రించిరి. జనవరి పుటలో నీలివస్త్రము దాల్చిన ప్రభువు కొత్త సంవత్సరపు విందునకు గూర్చుండెను. ఫిబ్రవరి పుటలో మంచు కప్పిన పల్లెయు, చలిమంట కాచుకొను కాపులును గలరు. ఒకే 1416వ సంవత్సరమున ప్రభువును, సోదరులు మువ్వురును గతించిరి. గ్రంథము సగములో నిలిచెను. దాదాపు డెబ్బదియేండ్లకు జాన్ కొలోంబ్ అను చిత్రకారుడు చాలవరకు పూరించెను. అది యిపుడు షాంటీయీ పట్టణపు కోటలో భద్రముగా నున్నది.

ఆ కాలపు లేఖకులు సామాన్యదినములను నల్లసిరాతోను, గొప్ప పండుగలను ఎఱ్ఱసిరాతోను వ్రాసెడివారు. మన గోడ క్యాలెండరులో సెలవుదినము ఎఱ్ఱగా నుండుట యా జాడయే. మన వర్తకులలో ననేకులు కొత్త లెక్కల పుస్తకమునకు పసుపు కుంకుమలద్ది, శ్రీకారము చుట్టినగాని తొలియంకె వేయరు. లెక్కకు పసుపు చేరినంత మాత్రమున లెక్క చెడలేదు.

ఇక మా యింటి సంగతి. నా మందలింపునకు మనుమరాలు బదులు చెప్పలేదు. పుస్తకము వెనుకకు ద్రిప్పి చూపినది. "ఇది నాయనమ్మ భోగినాడు వేసెడి ముగ్గు, తాతయ్యా! సందుచుక్క, 15 నుండి 8 వరకు" అన్నది. మా యిల్లాలు గతించి రెండేండ్లైనది. ఆమె వేకువజామున వేసిన ముగ్గు సాయంకాలమునకు పాదములక్రింద చెరిగిపోయెడిది. దానిని నొక కాగితముపై నెక్కింపవలెనని నాకెన్నడును తోచలేదు. పిల్ల చూచి జ్ఞాపకముంచుకొన్నవి తొమ్మిది. పదియవది కనుమనాటి రథము ముగ్గు. "చక్రమువద్ద నాకు తెలియుట లేదు. మీకు జ్ఞాపకమున్నదా?" అని యడిగినది. నలుబదియేండ్లు ఆ రథమును దాటి బడికి బోయినవాడను; చక్రమునకు ఆకులెన్నియో చెప్పలేకపోతిని.

ఆ రథపు త్రాటిని ప్రక్కయింటి ముగ్గువరకు లాగి కలుపుట మా వీధి వాడుక. ఆ యింటి వృద్ధురాలిని పిలిపించితిమి. ఆమె వ్రేలితో నేలమీద గీచి చూపగా, పిల్ల పుస్తకములో దించుకొన్నది. ఆ పుట నేను చెరపుమనలేదు.

శ్రోతలారా! మీ యిండ్లలోను ముగ్గెరిగిన పెద్దలుందురు. వచ్చు పండుగకు ముందు వారిని గూర్చుండబెట్టి, చుక్కలెన్నియో యడిగి, వ్రాసికొనుడు. సెలవు.