అనంతర సంరక్షణ (జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి)

బాలల సంరక్షణ గృహాల్లో పెరిగి 18 ఏళ్లు నిండిన యువత సొంత కాళ్లపై నిలబడేలా ఇచ్చే చేయూత. బాలల న్యాయ చట్టం, 2015లోని 46వ సెక్షన్ దీనికి ఆధారం. సాయం సాధారణంగా 21 ఏళ్ల వరకు అందుతుంది. ప్రత్యేక పరిస్థితుల్లో 23 వరకు పొడిగించవచ్చు. 2022 నాటి మిషన్ వాత్సల్య మార్గదర్శకాలు నెలకు రూ. 4,000 నిర్ణయించాయి.

2016 అక్టోబరు 11న ప్రధానంగా పాత వరంగల్ జిల్లా నుంచి ఈ మూడు జిల్లాలు ఏర్పడ్డాయి. జిల్లా బాలల పరిరక్షణ విభాగం, బాలల సంక్షేమ సమితి ఇక్కడ కీలకం.

పద్దెనిమిదేళ్లంటే ఇంటర్ అప్పుడే ముగిసే వయసు. కన్నవాళ్లున్న ఇంట్లో ఆ వయసు బిడ్డను బయటికి పొమ్మనరు. అందుకే నిబంధనలు ఆరు నుంచి ఎనిమిది మందికి తాత్కాలిక ఉమ్మడి వసతి, శిక్షణ కాలంలో స్టైపెండ్, పై చదువులకు ఉపకార వేతనం, స్వయం ఉపాధికి రుణ ఏర్పాటు, క్రమం తప్పక పలకరించే కౌన్సెలర్‌ను సూచిస్తున్నాయి. వీటిలో కౌన్సెలరే అన్నిటికన్నా ముఖ్యం: అద్దె గది, మొదటి జీతం, జ్వరమొచ్చిన రాత్రి – ఇలాంటప్పుడు ఫోన్ చేయడానికి ఒక మనిషి ఉండాలి. ఆధార్, బ్యాంకు ఖాతా, కుల, నివాస ధ్రువపత్రాలు గృహంలో ఉండగానే సిద్ధం చేయాలి. తల్లిదండ్రుల వివరాలు తెలియని వారికి బయటికొచ్చాక ఇవి మరీ కష్టం. గిరిజన జనాభా ఎక్కువున్న మహబూబాబాద్‌లో కుల ధ్రువపత్రం మీదే రిజర్వేషన్, ఉపకార వేతనం ఆధారపడతాయి.