సురభి కమలాబాయి

ఈ సంచికయందు దాతల చరిత్రములును, ఉద్యోగస్థుల చరిత్రములును ఏటేట వెలువడుచున్నవి. మే మీసారి యొక నటీమణి చరిత్రమును గైకొంటిమి.

మహారాష్ట్రమునుండి వచ్చి తోలుబొమ్మలాటతో జీవించిన మన ఆరె కుటుంబములలో వనారసవారు 1885వ సంవత్సరమున, కడపమండలమందలి సురభి గ్రామమున, ఒక వివాహ సందర్భమున కీచకవధ నాటకము నాడిరి. సురభి సమాజమున కదియే పుట్టుక. వనారస గోవిందరావుగారి సాహసము వేఱొకటి గలదు. స్త్రీపాత్రములను స్త్రీలచేతనే ధరింపఁజేసిరి. ఆనాఁడు సంసారస్త్రీ రంగమెక్కుట యపకీర్తి. తరువాత బహుకాలమువఱకును ఇతర సమాజములందు స్త్రీవేషములకుఁ బురుషులే ప్రసిద్ధులు. స్థానం నరసింహారావుగారి కీర్తి యట్టిదే. సురభివారి డేరాలో నన్ననో తల్లియు బిడ్డయు నొక్క నాటకముననే వేషము గట్టుదురు; పసికందు తెరవెనుక నుయ్యాలలో నిదురించును.

కమలాబాయి యట్టి యింటి బిడ్డ. తల్లి దమయంతి వేషమున నుండగా రంగముననే నొప్పులు వచ్చి యీమె జన్మించెనని చెప్పుకొందురు. ఈ కథకుఁ గొన్ని యలంకారములు చేరియుండవచ్చును. నెలలు నిండువఱకు వేషము విడువని స్త్రీలు మన యిండ్లలో నుండిరనుట మాత్ర మతిశయోక్తి గాదు.

ఇంతలో మాటాడు చిత్రము వచ్చెను. ఆ యంత్రము ముఖమును దగ్గఱనుండి చూచును. మీసము గొఱిగి రంగు పూసికొన్న మగవాని నది క్షమింపదు. నేపథ్యగానము లేని కాలము గనుకఁ బాత్రధారియే పాడవలెను. పాడను, పద్యము చదువను, వెఱవక నిలువను నేర్చిన స్త్రీ యెచట దొరకును? హెచ్.ఎం.రెడ్డిగారు బొంబాయిలో తీసిన భక్తప్రహ్లాదయందు కమలాబాయి లీలావతి యయ్యెను. ధర్మవరం రామకృష్ణమాచార్యులవారి నాటకము దానికి మూలము. ఈ చిత్రము 1931 సెప్టెంబరు 15న విడుదలయ్యెనని చిరకాలము వ్రాయుచు వచ్చిరి. మేమును పిల్లలకట్లే చెప్పితిమి. అది 1932 ఫిబ్రవరి 6వ తేదీ యని పాత్రికేయులు రెంటాల జయదేవగారు పరిశోధించి నిరూపించిరి. తేదీ మాఱిన నేమి, తొలి తెలుఁగు టాకీ కథానాయిక మన యాడుపడుచే.

ఆ 1932లోనే శకుంతలగాఁ గూడ నామె నటించెను. మేము ముప్పదియేండ్లు బడిలోఁ గాళిదాసుని శాకుంతలకథ జెప్పితిమి గాని, తెలుఁగు తెరపై నా పాత్రను ధరించినది మన కమలాబాయి యని యొక్కనాఁడును జెప్పలేదు. ఆటవాండ్ర కులమని తోడి యుపాధ్యాయులు నవ్వుదురను జంకు మాకుండెను. ఇది యొప్పుకొనుటకే యీ వ్యాసము.

1951లో వచ్చిన పాతాళభైరవిలో తోటరాముని తల్లి యామెయే. ఆ చిత్రమును చూడని యిల్లు మనలో లేదు. ఆ తల్లి మనవారి పడుచని యెఱిఁగినవారు మాత్రము కొలఁదిమంది. మన పూర్వసంచికలను తిరుగవేసితిమి. తలపాగల చిత్రములు పెక్కు గలవు, కమలాబాయి చిత్ర మొక్కటియు లేదు. మీ పెట్టెలలో నెవరికడనైనను నున్నచో, వచ్చు సంచికకుఁ బంపుఁడు.