చందుర్తి రణమున విజయనగరపు రౌతులు

బొబ్బిలి యుద్ధము నెఱుగని యాంధ్రుడు లేడు. దిట్టకవి నారాయణకవి దానిని రంగరాయ చరిత్రముగా రచించెను. కథకులు దానిని ఊరూర పాడిరి. ఆ యుద్ధము ముగిసి రెండేండ్లు నిండకమున్నే, అదే విజయనగర సైన్యము పిఠాపురమునకు చేరువనున్న చందుర్తికడ మఱియొక రణమున నిలిచెను. దానిని గూర్చి పాడినవారిని మే మెఱుగము. ఆ సైన్యమునందలి రౌతులను గూర్చి చరిత్రలో మిగిలినది ఇంచుమించుగ ఒక్క నింద మాత్రమే. ఆంగ్ల చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ వ్రాసినదాని సారమిది: ఆనంద గజపతిరాజు రౌతులు యుద్ధారంభమునుండియు నొక యెండిన పెద్ద చెరువులో, తమ రాజును కాల్బలమును తోడుగా, నక్కి యుండిరి, ఎంత వేడినను వెలికి రాలేదు. తరువాతి గ్రంథకర్తలు పెక్కండ్రు దీనిని విచారింపకయే స్వీకరించిరి. ఈ నింద ఎంతవఱకు నిలుచునో చూతము.

ముందుగా నేపథ్యము. పేరునకు ఇది ఆంగ్లేయులకును ఫ్రెంచివారికిని నడచిన యుద్ధమే కాని, శ్రీకాకుళము సర్కారువారికి అది యింటిపోరు. 1753లో సలాబతుజంగు ఉత్తర సర్కారులను ఫ్రెంచివారి కొసగగా, శ్రీకాకుళపు ఫౌజుదారు జాఫరలీఖాను దాని కొప్పుకొనలేదు. విజయనగర ప్రభువైన విజయరామరాజు మొదట ఆతనితో గూడి, పిమ్మట ఫ్రెంచివారి పక్షమున జేరెను. జాఫరలీ నాగపురమునకు బోయి రఘోజీ భోంస్లేవలన మహారాష్ట్రాశ్వికులను దెచ్చెను. 1754లో వారు కొండకనుమలు దిగి దేశమును కొల్లగొట్టిరి. విజయరామరాజు వారి కెదురు నిలువజాలక యోడెను. మైదానమున ఆశ్వికదళ మెట్టిదో విజయనగరమువారు శత్రువులవలననే నేర్చిరనవచ్చును.

1757 జనవరి 24న బొబ్బిలికడ కథ వేఱు. బుస్సీ వెంట 750 మంది ఐరోపీయులుండగా అందు 250 మంది రౌతులని ఓర్మ్ లెక్క. మట్టికోట గోడలకు నిచ్చెనలు వేసి ప్రాకవలసినచోట గుఱ్ఱమున కేమి పని? కోట పడెను, రంగారావు మడిసెను. కొలది రాత్రులలోనే తాండ్ర పాపారాయుని పక్షమువారు విజయరామరాజును ఆతని గుడారముననే పొడిచి చంపిరి. ఈ చివరి విషయమును పాఠకులు గుర్తుంచుకొనవలెను.

ఆతని వారసుడైన ఆనంద గజపతిరాజు ఫ్రెంచివారికి దూరమయ్యెను. 1758లో లాలీ బుస్సీని దక్షిణమునకు పిలిపించుకొనగా, గజపతి విశాఖపట్టణమును ఫ్రెంచివారినుండి గైకొని ఆంగ్లేయుల సాయము గోరెను. మద్రాసువారు వెనుదీసిరి, కలకత్తాలోని క్లైవు మాత్రము కర్నల్ ఫోర్డును ఓడలపై బంపెను. ఒడంబడిక ప్రకారము సైన్యవ్యయమునకై గజపతి నెలకు 50,000 రూపాయలు చెల్లింపవలెను. రాజునొద్ద పైకము లేదు. గెలిచిన సీమనుండియే అది రావలెను. ఈ పైకపు తగవు యుద్ధమునకు ముందును వెనుకను విడువలేదు.

డిసెంబరులో చందుర్తికడ ఇరుసేనలును తలపడెను. ఫోర్డునకు సుమారు 470 మంది ఐరోపీయులు, 1,900 మంది సిపాయిలు, ఆఱు ఫిరంగులు. గజపతికి 500 మంది రౌతులు, 5,000 మంది కాల్బలము. అందు తుపాకులు గలవారు కొందఱే. కాన్‌ఫ్లాన్సు సేన సంఖ్యలోను ఫిరంగులలోను మిన్న. ఎఱ్ఱదుస్తులు దొడిగిన సిపాయిలను జూచి ఐరోపీయులే యని భ్రమించి ఫ్రెంచివారు వారిపై బడిరి. ఎత్తుగా పెరిగిన పైరు మాటుననున్న నిజమైన ఆంగ్లదళము ప్రక్కనుండి వారిని దాకెను. అంతతో ఫ్రెంచి వరుస చెదరెను. పాఱు శత్రువును తఱుముట కప్పుడు రౌతులు కావలసివచ్చిరి. ఫోర్డు కబురుమీద కబురంపెను. చెరువునుండి యెవరును కదలలేదు.

ఇంతవఱకు మేము కాదనము. కాని ఓర్మ్ ఆ రణమున లేడు. ఆయన కాధారములు కంపెనీవారి వ్రాతలు. విజయనగరమువారి మాట యేదియు ఆయన గ్రంథమున వినరాదు. ఇక రాజు చెరువులో నుండెనని ఓర్మే చెప్పుచున్నాడు. రాజున్నచోటనే రౌతులుండుట ఆ కాలపు కొలువునకు ధర్మము. వారి పూర్వ ప్రభువు సేన నడుమనే, గుడారములో, హతుడై అప్పటి కిరువదిమూడు నెలలు కాలేదు. క్రొత్త ప్రభువును విడిచి పరుల యాజ్ఞపై ముందునకు దూకుట వారికి ప్రథమ కర్తవ్యముగా దోచియుండదని మా యూహ. ఇది ఊహయే, అయినను పిఱికితనమనుటయు ఊహయే గదా! నాలుగు మైళ్ల దూరము తఱిమియుండినచో రాజమహేంద్రవరము దారిలో కాన్‌ఫ్లాన్సు చిక్కియుండెడివాడేమో. ఆ నష్టము నిజము. దానిని దాచుట చరిత్రకారునికి తగదు.

పైకపు జగడముచే విజయానంతరము ఫోర్డు కొన్ని వారములు కదలలేకపోయెను. తుదకు మచిలీపట్టణమును ముట్టడించెను. 1759 ఏప్రిల్ 7వ తేది రాత్రి ముట్టడిలో, కోట ముంగలి అడుసునేలపై గల కట్టవెంట నడచి, ద్వారమునకెదురుగ సందడి చేసి శత్రువు దృష్టిని మఱల్చు పని గజపతి బలమునకే యప్పగింపబడెను. ఫ్రెంచి ఫిరంగుల కెదురుగనే వారా పనిని నెఱవేర్చిరి. ఫోర్డు సేన మఱియొక దిక్కున గోడ లెక్కెను. తెల్లవారకమున్నే కాన్‌ఫ్లాన్సు లొంగిపోయెను. ఈ వృత్తాంతమును ఓర్మ్ గ్రంథముననే యున్నది. చందుర్తి చెరువును ఉదాహరించువారు ఆ పుటవఱకు పోవుట యరుదు.