హైదరాబాద్‌లో పర్యావరణహిత వస్త్రధారణ

పర్యావరణహిత వస్త్రధారణ అంటే నేలకూ నీటికీ నేసే చేతికీ హాని చేయని బట్ట కట్టడం, కట్టినదాన్ని చివరి పోగు దాకా వాడుకోవడం. 2013లో బంగ్లాదేశ్‌లో రాణా ప్లాజా భవనం కూలి పదకొండు వందల మందికి పైగా దుస్తుల కార్మికులు చనిపోయాక ప్రపంచమంతటా దీని గురించి చర్చ పెరిగింది. హైదరాబాద్‌లో ఫలక్‌నుమా, చార్మినార్ పరిసరాల పాతబస్తీలోనూ, ఆ నగరానికి బట్ట నేసి పంపిన ఊళ్ళలోనూ ఈ పద్ధతికి చాలా పాత చరిత్ర ఉంది.

ఇద్దరు నిజాములు

ఫలక్‌నుమా గుట్ట మీద పైగా వంశపు ప్రభువు వికారుల్ ఉమ్రా 1884లో మొదలుపెట్టిన మహలు తర్వాత ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వశమైంది. 1911లో ఆయన కన్నుమూసింది అక్కడే. ఒకసారి తొడిగిన దుస్తులు ఆయన మళ్ళీ తొడిగేవాడు కాదని నగరంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. పురానీ హవేలీలో ఆయన బట్టల కోసం చేయించిన రెండంతస్తుల చెక్క బీరువాల వరుస నేటికీ ఉంది. పై అంతస్తుకు చేరడానికి చేత్తో తిప్పే లిఫ్టు కూడా అందులోనే అమర్చారు. కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ తీరు వేరు. ప్రపంచంలోకెల్లా ధనవంతుడని 1937లో టైమ్ పత్రిక ముఖచిత్రం వేసిన ఈ ఏడో నిజాం వెలిసిన షేర్వానీతో, నలిగిన టోపీతో ఏళ్ళు గడిపాడు.

ఈ పోలికను దుబారా, పొదుపు కథగా చెప్పి వదిలేయడం తప్పు. పాత షేర్వానీ వదలని ఆ కొడుకు హయాంలోనే, 1934లో, వరంగల్‌లో ఆజంజాహీ బట్టల మిల్లు వచ్చింది. ప్రభువు ఏం తొడిగాడన్న దానికంటే, ప్రజలు కట్టే బట్టకు నూలు, రంగు ఎక్కడ తయారయ్యాయన్నదే ఈ చరిత్రలో అసలు విషయం.

నూనె పట్టిన నూలు

దీనికి అన్నిటికన్నా మంచి ఉదాహరణ తేలియా రుమాలు. చీరాల దీనికి పాత కేంద్రం. నేడు యాదాద్రి భువనగిరి జిల్లా పుట్టపాక ప్రసిద్ధం. తేల్ అంటే నూనె. కాల్చిన ఆముదపు కాయల బూడిద నీళ్ళలోనూ నూనెలోనూ నూలును రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఎండబెడతారు. అలా నూనె తాగిన పోగుకు ఎరుపు లోతుగా పడుతుంది, ఉతికినా వదలదు. బట్ట మెత్తగా ఉండి ఎండలో ఒంటికి చల్లదనాన్నిస్తుంది. అందుకే జాలరులు, పశువుల కాపరులు దాన్ని తలపాగాగా చుట్టారు, లుంగీగా కట్టారు. అరబ్బు దేశాలకు మూటల కొద్దీ ఎగుమతి అయింది. నిజాం దర్బారు స్త్రీలు అదే గుడ్డను దుపట్టాగా వేసుకున్నారు. జాలరి తలమీదా జనానాలోనూ ఒకే నేత చోటు సంపాదించుకోవడం అరుదైన విషయం.

రుమాలుకు ఎరుపు, నలుపు, తెలుపు మూడే రంగులు. అంచుల మధ్య గళ్ళలో ఇక్కత్ బొమ్మలు ఉంటాయి. ఎరుపునిచ్చే పదార్థం అలిజరిన్. కోస్తాలో రంగుకారులు ఎరుపు కోసం తరతరాలుగా ఆ పదార్థమున్న చిరివేరును వాడారు. 1869 ప్రాంతంలో జర్మన్ రసాయన శాస్త్రజ్ఞులు అలిజరిన్‌ను కృత్రిమంగా తయారుచేశాక వేళ్ళు తవ్వే పని క్రమంగా తగ్గిపోయింది. తేలియా నేతకారులూ కృత్రిమ అలిజరిన్‌కే మారారు. కాబట్టి ప్రతి తేలియా రుమాలునూ పూర్తి సహజ వర్ణాల బట్ట అనడం సరికాదు. దాని గొప్పతనం నూనె, బూడిదల పద్ధతిలోనూ, మన్నికలోనూ ఉంది. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ ఊరి నేత కళాకారుడు గజం గోవర్ధన 2011లో పద్మశ్రీ అందుకున్నారు.

మష్రూ, హిమ్రూ

పట్టు పడుగు, నూలు పేకతో నేసేది మష్రూ. పైకి పట్టు మెరుపు కనిపిస్తుంది, ఒంటికి నూలు తగులుతుంది. నూలు నేతపై పట్టు పూలు తేలే హిమ్రూకు నాటి నిజాం రాజ్యంలోని ఔరంగాబాద్ పేరుపొందింది. సంస్థానం పోయాక ఈ నేతలకు ఆదరణ తగ్గింది. వాటిని మళ్ళీ మగ్గమెక్కించింది సురయ్యా హసన్ బోస్ (1928–2021). స్వదేశీ ఉద్యమ కుటుంబంలో పుట్టిన ఆమె అప్పట్లో నగర శివారైన రాయదుర్గంలో నేతశాల పెట్టి, భర్తను కోల్పోయిన స్త్రీలకు పని నేర్పారు. అక్కడే వాళ్ళ పిల్లల కోసం బడీ నడిపారు. బట్టతోపాటు నేసేవాళ్ళ బతుకునూ చూసిన ఈ ప్రయత్నం నగర చరిత్రలో పెద్ద అక్షరాలతో రాయదగినది.

చిరిగాక

పాతబస్తీలో బట్ట చిరిగితే రఫూగర్ దగ్గరికి వెళ్ళేది. అదే బట్ట నుంచి లాగిన పోగుతో అతను చిల్లు కనపడకుండా నేసేవాడు. పల్లెల్లో పాత చీరలు బొంతలయ్యేవి. వీధుల్లో స్టీలు గిన్నెలకు మారేవి. అసలు జరీ అంటే దారానికి చుట్టిన వెండి తీగ, దాని మీద బంగారు పూత. అందుకే జరీ చీర పాతబడితే కాల్చి వెండి తీసుకునేవారు. నేటి ప్లాస్టిక్ జరీ కాలిస్తే మిగిలేది పొగే.

మల్ఖా

పత్తిని బేళ్ళుగా గట్టిగా నొక్కి దూరపు మిల్లులకు పంపడం, అక్కడ మళ్ళీ విడదీయడం వల్ల పోగు దెబ్బతింటుంది, ఇంధనమూ ఖర్చవుతుంది. దస్త్‌కార్ ఆంధ్ర సంస్థలో చేనేతకారులతో పనిచేసిన ఉజ్రమ్మ ఈ లోపాన్ని పట్టుకున్నారు. పత్తి పండే చోటికి దగ్గర్లోనే, బేలు కట్టకుండా, చిన్న యంత్రాల మీద నూలు వడికి చేమగ్గాలకు అందించే పద్ధతిని ముందుకు తెచ్చారు. మల్‌మల్, ఖాదీ మాటలు కలిపి దానికి మల్ఖా అని పేరు పెట్టారు. ఈ బట్టకు సహజ రంగులు వేస్తారు.

దీనికి భిన్నంగా సిరిసిల్ల మరమగ్గాలున్నాయి. తెలంగాణ ప్రభుత్వం 2017 నుంచి కొన్నేళ్ళు పండుగకు పంచిన బతుకమ్మ చీరలు అక్కడి కార్మికులకు పని ఇచ్చాయి. అయితే వాటిలో ఎక్కువ పాలిస్టర్‌వే. పూలను నీటిలో కలిపే పండక్కి నీటిలో కరగని పోగు పంచడం విచారకరం. సిరిసిల్ల చేతులకు పని తగ్గకుండా అక్కడి నేత నూలుకు మారాలి. బట్ట కొనేవాళ్ళు కూడా నూలు ఎక్కడిది, రంగు ఏమిటి అని దుకాణంలో అడగాలి. చిరిగిన బట్టను పారేసేముందు ఒకసారి రఫూగర్‌కు చూపించాలి.