పరుగెత్తు వస్తువు - వెంబడించు కటకము

షట్టరు వేగముగా తెరచి మూసికొనినచో కదలు వస్తువు ఫోటోలో నిశ్చలముగా కనిపించునని విద్యార్థులు ఎరుగుదురు. కాని అది సగము సంగతియే. వస్తువు కెమేరావైపు పరుగెత్తి వచ్చుచున్నచో దాని దూరము క్షణక్షణము మారును. స్పష్టమైన ప్రతిబింబము ఏర్పడు చోటును మారును. అందుకు తగినట్లు కటకమును జరుపుటయే ఫోకస్ చేయుట.

1878లో అమెరికాలో మైబ్రిడ్జి పరుగెత్తు గుర్రమును 12 కెమేరాలతో చిత్రించినపుడు ఈ చిక్కు లేదు. గుర్రము కెమేరాల వరుస ఎదుట అడ్డముగా పోయినది గనుక దూరము మారలేదు. 1948 మార్చి 14న విశాఖపట్టణమున ప్రధాని నెహ్రూ 'జలఉష' నౌకకు జలప్రవేశము చేయించినపుడు నౌక జారు త్రోవ ముందే తెలిసినది. అట్టిచోట ఫోకస్ ముందుగానే చేసి యుంచుకొని, వస్తువు రాగానే మీట నొక్కవచ్చును.

ఆటగాని త్రోవ అట్లు తెలియదు. 35 మిల్లీమీటర్ల ఫిల్ముపై, 400 మిల్లీమీటర్ల నాభ్యంతరముగల కటకమును ఎఫ్/2.8 వద్ద వాడి 20 మీటర్ల దూరమున నున్న ఆటగానిని తీసినచో, స్పష్టముగా కనిపించు మేర సుమారు 40 సెంటీమీటర్లు మాత్రమే. సెకనుకు 7 మీటర్లు పరుగెత్తువాడు సెకనులో పదవ వంతునకే 70 సెంటీమీటర్లు దాటిపోవును!

1977లో జపానుకు చెందిన కొనికా సంస్థ తనంత తానే ఫోకస్ చేసికొను కెమేరాను విపణికి తెచ్చినది. 1985లో వచ్చిన మినోల్టా 7000లో, కటకపు రెండు ప్రక్కలనుండి వచ్చు కాంతితో రెండు ప్రతిబింబములు ఏర్పరచి పోల్చుదురు. వాని ఎడమును బట్టి కటకము ఎటు, ఎంత జరుగవలెనో ఒక్కసారిగా తెలియును. అయినను షట్టరు తెరచుకొనునప్పటికి ఆ కొలత పాతదగును. 1988 నాటి మినోల్టా 7000ఐ వరుస కొలతలనుండి వేగమును లెక్కగట్టి, వస్తువు చేరబోవు చోటికి కటకమును ముందే జరిపినది. క్యాచి పట్టువాడు బంతి యున్న చోటికి గాక, పడబోవు చోటికి పరుగెత్తును గదా!

2005 ఏప్రిల్ 5న విశాఖపట్టణమున ధోనీ పాకిస్తానుపై 123 బంతులలో 148 పరుగులు చేసిననాటికి ఇట్టి కెమేరాలు క్రీడా ఛాయాగ్రాహకులకు వాడుకలో నుండెను. అట్టి క్షణము తప్పినచో మరల రాదు. నేటి కెమేరాలు మనిషి కన్నును సైతము గుర్తించి వెంబడించును. అయినను బంతి కొట్టినవానిని తీయవలెనా, ఓడిన బౌలరును తీయవలెనా అని నిర్ణయించునది మనిషియే.

ఉపాధ్యాయులు తరగతిలో ఒక భూతద్దము, కొవ్వొత్తి, తెల్లకాగితముతో దీనిని చూపవచ్చును. కొవ్వొత్తిని మెల్లగా భూతద్దమునకు చేరువగా తెచ్చుచు, కాగితముపై బింబము చెదరకుండ నిలుపుమని విద్యార్థికి చెప్పుడు. ఆ పని ఎంత కష్టమో వాని చేతులే తెలుపును.