మహమ్మారి వేళ విశ్వవిద్యాలయ ప్రాంగణాల్లో ఆరోగ్య, భద్రతా నియమాలు

అంటువ్యాధి ప్రబలినప్పుడు చదువుకునేవారు, చదువు చెప్పేవారు, వంటవాళ్లు, సఫాయి కార్మికులు రోగం బారిన పడకుండా విశ్వవిద్యాలయం పెట్టే కట్టుబాట్లను ప్రాంగణ ఆరోగ్య, భద్రతా నియమాలు అంటారు. మాస్కు, మనుషుల మధ్య ఎడం, పరీక్షలు, క్వారంటైన్, ఐసోలేషన్, టీకా, గదుల్లో గాలి మార్పిడి వీటిలో ముఖ్యమైనవి. పాత రోజుల్లో అందరికీ మొదట తోచిన మార్గం తలుపులు మూయడమే. 1665లో ప్లేగు వచ్చినప్పుడు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం అదే చేసింది. ఐజాక్ న్యూటన్ ఊల్స్‌థార్ప్‌లోని సొంతింటికి వెళ్లిపోయాడు. 2020లో కోవిడ్-19 వచ్చినప్పుడు కూడా మొదట మూసేశారు. కానీ ఆ తర్వాత, రోగం ఇంకా తిరుగుతుండగానే వేలమంది విద్యార్థులను వెనక్కి రప్పించి ప్రాంగణాన్ని నడపాలని చూశారు. ఈ నియమాల అసలు చరిత్ర అక్కడి నుంచే మొదలవుతుంది.

రోగం ఎక్కడ అంటింది

ప్రాంగణాలను మళ్లీ తెరిచేటప్పుడు అధికారుల దృష్టి ఎక్కువగా తరగతి గది మీదే ఉంది. బెంచీకి ఒకరు, నేల మీద ఆరడుగులకో గుర్తు, గేటు దగ్గర నుదుటికి గురిపెట్టే థర్మామీటరు, మెట్ల పక్కన శానిటైజర్. జ్వరం లేకుండానే రోగాన్ని అంటించేవాళ్లను ఆ థర్మామీటరు పట్టుకోలేదు. పైగా క్లాసులో మాస్కు వేసుకుని కూర్చునే విద్యార్థి, రోజులో మిగతా సమయమంతా గదిలో, మెస్‌లో, ఉమ్మడి స్నానాల గదుల దగ్గర, స్నేహితుల మధ్య గడుపుతాడు. ప్రాంగణాల్లో కోవిడ్‌కు పెద్ద దారి దొరికింది అక్కడే.

అమెరికాలోని చాపెల్‌హిల్‌లో ఉన్న నార్త్ కరొలైనా విశ్వవిద్యాలయం 2020 ఆగస్టు 10న తరగతులు మొదలుపెట్టింది. వారం తిరిగేసరికి అక్కడి పరీక్షల్లో పాజిటివ్ శాతం 2.8 నుంచి 13.6కు చేరింది. ఆగస్టు 17న డిగ్రీ తరగతులన్నీ ఆన్‌లైన్‌కు మారుస్తున్నట్టు ప్రకటించారు. అప్పటికి గుర్తించిన నాలుగు కేసుల గుంపుల్లో మూడు వసతి భవనాల్లో, ఒకటి విద్యార్థి సంఘం వాళ్లు కలిసి ఉండే ఇంట్లో బయటపడ్డాయి.

అదే ఏడాది డిసెంబరులో ఐఐటీ మద్రాసులోనూ ఇలాగే జరిగింది. అప్పటికి ప్రాంగణంలో ఉన్నది ఏడెనిమిది వందల మంది విద్యార్థులే, వారిలోనూ ఎక్కువమంది పరిశోధకులు. హాస్టళ్లు చాలా తెరిచినా, వాటన్నిటికీ కలిపి నడిచిన మెస్ ఒక్కటే. కొద్ది రోజుల్లోనే వందమందికి పైగా పాజిటివ్ వచ్చింది. కృష్ణా, జమునా హాస్టళ్లలో కేసులు ఎక్కువ. విద్యార్థులతో పాటు మెస్ సిబ్బందికీ సోకింది. వెంటనే విభాగాలు, ప్రయోగశాలలు, గ్రంథాలయం మూసేసి, భోజనం పొట్లాలు కట్టి గదులకే పంపారు, అందరికీ పరీక్షలు చేశారు. ఎంత జాగ్రత్తపరుడైనా తినేటప్పుడు మాస్కు తీయాల్సిందే. ఎదురుబొదురుగా కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ తినే అలవాటును గోడ మీది నోటీసు మార్చలేదు. భోజన వేళల్ని విడగొట్టి, వంట చేసే చోట్లను పెంచితేనే అది మారుతుంది. ఆ ఖర్చు సంస్థ పెట్టుకోవాలి.

భారతదేశంలో నిబంధనలు

2020 మార్చి మధ్యలో దేశమంతటా విద్యాసంస్థలు మూతపడ్డాయి. నవంబరు 5న విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) పునఃప్రారంభ మార్గదర్శకాలు విడుదల చేసింది. దశలవారీగా తెరవాలి, పరిశోధక విద్యార్థులు, సైన్సు, సాంకేతిక కోర్సుల పీజీ విద్యార్థులు, చివరి ఏడాది వాళ్లు ముందు రావాలి, ఏ సమయంలోనూ సగం మందికి మించి ఉండకూడదు. హాస్టల్ గదిని ఇద్దరు పంచుకోకూడదన్నది వీటిలో అన్నిటికన్నా పదునైన నియమం. రోగ లక్షణాలున్న వాళ్లను హాస్టల్లో ఉండనివ్వకూడదనీ అందులో ఉంది.

ముగ్గురు నలుగురు ఒకే గదిలో సర్దుకునే ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో మనిషికో గది అంటే, చాలామందికి హాస్టలే లేదని అర్థం. మూడో వంతు లేదా నాలుగో వంతు మందికే చోటు దొరుకుతుంది, మిగతావాళ్లు ఊళ్లోనే సెల్‌ఫోన్ సిగ్నలు వెతుక్కుంటూ పాఠాలు వినాలి, లేదా ప్రాంగణం బయట ఇరుకు గదుల్లో అద్దెకుండాలి. రెండో దారి పట్టినవాళ్ల దగ్గరికి ఈ నియమాలేవీ చేరవు. మార్గదర్శకాలు శాస్త్రపరంగా సరైనవే. వాటికి కావలసిన గదులు మాత్రం మన దగ్గర కోవిడ్‌కు ముందే లేవు.

ఆంధ్రప్రదేశ్‌లో కళాశాలలు 2020 నవంబరు 2 నుంచి దశలవారీగా తెరుచుకున్నాయి. తెలంగాణలో 2021 ఫిబ్రవరి 1న తెరిచినా, రెండో అల ముంచుకురావడంతో వైద్య కళాశాలలు మినహా మిగతా విద్యాసంస్థలను మార్చి 24 నుంచి మళ్లీ మూసేశారు.

ఇలినాయ్ ప్రయోగం

పరీక్షల బలంతో ప్రాంగణాన్ని నడపొచ్చా అన్న ప్రశ్నకు విస్తారమైన జవాబు అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయం అర్బానా-షాంపేన్ ప్రాంగణంలో దొరుకుతుంది. రసాయన శాస్త్రవేత్త మార్టిన్ బర్క్ నాయకత్వంలో అక్కడ ఉమ్మితో చేసే పరీక్షను రూపొందించారు. ముక్కులో పుల్ల పెట్టే పని లేదు. అంతకుముందు గంటసేపు ఏమీ తినకుండా, తాగకుండా, పళ్లు తోముకోకుండా వచ్చి, నోట్లో ఊరిన ఉమ్మిని చిన్న గొట్టంలోకి జార్చి ఇచ్చి వెళ్లాలి. ఆ గొట్టాన్ని 95 డిగ్రీల సెల్సియస్ వద్ద అరగంట ఉంచితే వైరస్ చచ్చిపోతుంది. వైరస్ ఆర్‌ఎన్‌ఏను విడిగా వేరుచేసే దశ అక్కర్లేకుండానే నేరుగా పీసీఆర్ చేయొచ్చు. ఆ దశ తప్పడంతో సమయం, డబ్బు, దొరకని రసాయనాల బెడద మూడూ తగ్గాయి. పశువైద్య కళాశాల ప్రయోగశాలను ఇందుకోసం వాడుకుని రోజుకు పదివేల పరీక్షల దాకా చేశారు.

2020 ఆగస్టు 24న తరగతులు మొదలయ్యాయి. విద్యార్థులు, అధ్యాపకులు, ఉద్యోగులు వారానికి రెండుసార్లు పరీక్ష చేయించుకోవాల్సి ఉండేది. ఫలితం ఫోనులోని యాప్‌కు వచ్చేది. అందులో ప్రవేశానికి అనుమతి కనిపిస్తేనే భవనంలోకి రానిచ్చేవారు. భౌతిక శాస్త్రవేత్తలు నైజెల్ గోల్డెన్‌ఫెల్డ్, సెర్గీ మాస్లోవ్ ముందుగానే గణిత నమూనా వేశారు. కుర్రకారు పార్టీలు చేసుకుంటారన్న సంగతి కూడా అందులో లెక్కగట్టారు. పాజిటివ్ అని తెలిశాక కూడా కొందరు పార్టీలకు వెళ్తారని మాత్రం ఊహించలేదు. కొందరు వెళ్లారు. కేసులు నమూనా చెప్పిన దానికన్నా వేగంగా పెరిగాయి. సెప్టెంబరు 2న డిగ్రీ విద్యార్థులంతా రెండు వారాల పాటు అత్యవసర పనులకు తప్ప బయటికి రావొద్దని ఆదేశించారు, కొందరిని సస్పెండ్ చేశారు. కేసులు దిగివచ్చాయి, సెమిస్టరు సాగింది.

చాలామంది ఈ కథను కుర్రాళ్ల బాధ్యతారాహిత్యంగానే చెబుతారు. అది సగమే నిజం. పరీక్ష రోగాన్ని చూపించగలదు, ఆపేది మాత్రం ఆ తర్వాత మనిషిని విడిగా ఉంచడమే. ఐసోలేషన్‌లోకి వెళ్లినవాడికి వేళకు భోజనం రావాలి, పోయిన పాఠాలు దొరకాలి, హాజరు కోత పడకూడదు, పేరు బయటికి పొక్కకూడదు. ఇవి లేనిచోట దగ్గును దాచుకోవడమే విద్యార్థికి లాభసాటిగా కనిపిస్తుంది.

మురుగునీరు, గాలి

ఎవరినీ అడగకుండానే రోగం జాడ పట్టే ఉపాయం అమెరికాలోని అరిజోనా విశ్వవిద్యాలయంలో ఫలించింది. 2020 ఆగస్టు చివర ఒక హాస్టల్ మురుగునీటిలో వైరస్ ఆనవాళ్లు కనిపించగానే, అక్కడున్న 311 మందికి పరీక్షలు చేశారు. ఇద్దరికి పాజిటివ్ వచ్చింది, ఇద్దరికీ లక్షణాల్లేవు. వాళ్లను వెంటనే వేరుచేశారు.

గాలి ద్వారా రోగం సోకుతుందన్న విషయంలో ప్రపంచమంతా ఆలస్యంగా మేలుకుంది. తొలి నెలల్లో బల్లలు, తలుపు గొళ్లేలు తుడవడానికి విపరీతంగా డబ్బు పోశారు. వస్తువును తాకడం వల్ల సోకే అవకాశం సాధారణంగా పదివేలలో ఒకటికన్నా తక్కువని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2021 ఏప్రిల్‌లో చెప్పింది. అప్పటికే కొన్నిచోట్ల గాలిని వడపోసే యంత్రాలు వచ్చాయి. రిచర్డ్ కోర్సి, జిమ్ రోసెంతాల్ పేర్లతో ప్రసిద్ధమైన పెట్టె వీటిలో చవకైనది: పెట్టెలాంటి ఫ్యాను, దానికి నాలుగు గాలి వడపోత పలకలు, అంటించే టేపు. కొన్ని విశ్వవిద్యాలయాల్లో విద్యార్థులే వీటిని తయారుచేసి తరగతుల్లో పెట్టారు.

టీకా నియమం, తెలుగు విద్యార్థులు

2021 మార్చి 25న అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయం, శరత్కాల తరగతులకు వచ్చే విద్యార్థులకు టీకా తప్పనిసరి అని ప్రకటించింది. వందల సంస్థలు అదే బాట పట్టాయి. ఇండియానా విశ్వవిద్యాలయం నిబంధనను ఆపాలన్న విద్యార్థుల అర్జీని అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఏమీ కోనీ బారెట్ ఆగస్టు 12న తోసిపుచ్చారు.

ఈ నియమం హైదరాబాదు, విజయవాడ ఇళ్లలో మరో రకం ఆందోళన తెచ్చింది. అప్పట్లో ఇక్కడ కోవిషీల్డ్ టీకా రెండు డోసుల మధ్య కనీసం 84 రోజులు ఆగాల్సి ఉండేది. ఆగస్టులో విమానం ఎక్కాల్సిన వాళ్లకు ఆ లెక్క కుదరలేదు. కేంద్రం 2021 జూన్ 7న, విదేశీ చదువులకు వెళ్లేవాళ్లు 28 రోజుల తర్వాత రెండో డోసు తీసుకోవచ్చని, ధ్రువపత్రంలో పాస్‌పోర్టు నంబరు చేర్చాలని చెప్పింది.

కోవాగ్జిన్ వేసుకున్నవాళ్లకు ఈ సడలింపు అక్కరకు రాలేదు. చాలా అమెరికా విశ్వవిద్యాలయాలు తమ దేశపు అనుమతి గానీ, ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు గానీ ఉన్న టీకాలనే ఒప్పుకున్నాయి. హైదరాబాదులో భారత్ బయోటెక్ తయారుచేసిన ఈ టీకాకు అప్పటికి ఆ రెండూ లేవు. తమ ప్రభుత్వం ఇచ్చిన టీకాను నమ్మి వేసుకున్న పిల్లలు అక్కడ దిగాక మళ్లీ వేరే టీకా మొదటి డోసు నుంచి వేసుకోవాల్సి వచ్చింది. రెండు రకాలు కలిస్తే ఏమవుతుందో చెప్పే సమాచారం అప్పటికి చాలా తక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవాగ్జిన్‌ను 2021 నవంబరు 3న గుర్తించింది. శరత్కాల సెమిస్టరులో చేరిన విద్యార్థుల్లో చాలామంది ఆ సరికే రెండోసారి టీకాలు వేయించుకున్నారు.